హంసరాజ్: ఏ మొక్క, ఏ రోగానికి?

కడోదరా చౌరస్తాలో రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. ఒకటి ముంబై నుంచి అహ్మదాబాద్ వైపు పోయేది, రెండోది సూరత్ నుంచి బార్డోలీ, వ్యారా మీదుగా తూర్పుకు సాగేది. చుట్టూ అద్దకం మిల్లులు, మరమగ్గాల షెడ్లు. సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా మొదలుకొని ఈ పల్సాణా తాలూకా దాకా తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ నేత కుటుంబాలు చాలానే ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే ఆ సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు. నూలు పొట్టు, అద్దకం ఆవిరి, లారీల దుమ్ము. గొంతు బొంగురుపోవడం, పొడిదగ్గు ఈ బతుకులో మామూలు ఫిర్యాదులు. గుజరాత్‌లో మూలికలమ్మే దుకాణదారును ‘గాంధీ’ అంటారు. దగ్గుకు ఏమైనా ఇమ్మంటే అతను అతిమధురం, అడ్డసరంతోపాటు ‘హంసరాజ్’ అని ఒక ఎండాకు కట్ట కూడా చూపిస్తాడు. నల్లటి సన్నని ఈనెలు, నలిగిన చిన్న చిన్న ఆకులు. అది ఫెర్న్. పూయదు, కాయదు, విత్తనం పెట్టదు.

ఇదే పేరుతో ఒక పచ్చి మొక్క ఇక్కడికి తూర్పున, డాంగ్ అడవుల్లో వానాకాలమంతా కనిపిస్తుంది. బార్డోలీ దాటి, వేడినీటి బుగ్గలున్న ఉనాయి మీదుగా, వాంస్‌దా అడవి గుండా వఘయి చేరేసరికి పడమటి కనుమల ఉత్తరపు కొస మొదలవుతుంది. అక్కడ రోడ్డు కోసిన మట్టిగట్ల మీద, వాగుల ఒడ్డున, నీడ ఉన్న రాతి పగుళ్లలో జూన్ చివరికల్లా ఇది మొలుస్తుంది. మెరిసే నల్లటి కాడ, దానికి అటూ ఇటూ అర్ధచంద్రాకారపు చిన్నాకులు. నీటిచుక్క పడితే అంటకుండా జారిపోతుంది. ఆకు తిప్పి చూస్తే కిందికి మడిచినట్టున్న అంచు కింద సిద్ధబీజాలు ఉంటాయి. కాడ కొస నేలకు తగిలిన చోట వేరు వేసి కొత్త మొక్క అవుతుంది. వానలు వెనక్కి తగ్గాక నెమ్మదిగా ఎండిపోతుంది. మన శేషాచలం, నల్లమల, మారేడుమిల్లి వాగుల పక్కన కూడా ఇదే మొక్క ఉంది.

దుకాణంలోని కట్టా, అడవిలోని మొక్కా ఒకటేనా? ఒకటే అయితే దానికి చెప్పే గుణాలు నిజమా? ఈ రెండు ప్రశ్నల చుట్టూ రెండువేల ఏళ్ల రాతలు, వందేళ్ల సర్వేలు, కొన్ని దశాబ్దాల ప్రయోగశాల పని పోగుపడి ఉన్నాయి. వాటిలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చూడాలి.

మొదటి చిక్కు గుర్తింపు దగ్గరే. డాంగ్ మొక్కను వృక్షశాస్త్రం అడియాంటమ్ ఫిలిప్పెన్స్ అంటుంది. లినేయస్ 1753లో పెట్టిన పేరది. 1768లో బర్మన్ పెట్టిన అడియాంటమ్ లునులేటమ్ అనే పేరు కూడా అదే మొక్కకు చెల్లుతోంది, ఆయుర్వేద పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. దీని దగ్గరి చుట్టం అడియాంటమ్ కాపిల్లస్-వెనెరిస్: బావుల లోపలి గోడల మీద, నీరు ఊరే రాళ్ల మీద వేలాడే మెత్తటి ఫెర్న్. యునానీ వైద్యులు ‘పర్సియావషాన్’ అనేది దీన్నే. మూడోది హిమాలయాల్లో పెరిగే అడియాంటమ్ వెనుస్టమ్. ఉత్తరాది మూలికల వ్యాపారంలో ‘హంసరాజ్’ పేరుతో పెద్దఎత్తున కదిలే సరుకు ఇదే. అంటే సూరత్ దుకాణంలోని కట్ట దగ్గర్లోని డాంగ్ నుంచి వచ్చిందని నమ్మడానికి ఆధారమేమీ లేదు. వెయ్యి కిలోమీటర్ల అవతలి కొండల నుంచి దిగిన మరో జాతి కావచ్చు. ఎండి నలిగిన ఆకును చూసి చెప్పడం కష్టమే గాని అసాధ్యం కాదు. డాంగ్ మొక్క ఆకు ఒక్కసారే చీలి వరసగా ఉంటుంది, మిగతా రెండింటి ఆకులు మళ్లీ మళ్లీ చీలుతాయి.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కు అదనం. సంస్కృత వైద్య గ్రంథాల్లో దీని పేరు హంసపది, హంసపాది. మన పల్లెల్లో హంసపాదు అంటే ఫెర్న్ కాదు. చెరువు ఎండిన మట్టి మీద, కోసిన వరిమళ్లలో నేలకు అంటుకుని పాకే కోల్డేనియా ప్రొకంబెన్స్ అనే పూమొక్క. ఆకు ముడతలు ముడతలుగా ఉంటుంది. దాన్ని వాపులకు, పుళ్లకు కట్టే అలవాటుంది. హంసపాది గుణాలు పుస్తకంలో చదివి చెరువుగట్టుకు పోయినవాడికి ఆదిలోనే హంసపాదు ఎదురవుతుంది మరి! నవ్వుకోవడం అటుంచితే, తెలుగులో వచ్చిన చాలా మూలికా పుస్తకాలు ఈ రెండింటి గుణాలను ఒకే పేరా కింద కలిపేస్తాయి. అలాంటి పేరాను పక్కన పెట్టడం తప్ప దాన్ని సరిదిద్దే మార్గం లేదు.

ఇక గ్రంథాలు. చరక సంహిత సూత్రస్థానంలో ఒక్కో పనికి పదేసి మూలికల జట్లు కట్టిన అధ్యాయం ఉంది. అందులో గొంతుకు మేలు చేసే ‘కంఠ్య’ వర్గంలో సుగంధిపాల, చెరకు వేరు, అతిమధురం, పిప్పలి, ద్రాక్ష, వాకుడు వంటివాటి మధ్య హంసపది ఉంది. సుశ్రుతుడు దీన్ని విదారిగంధాది గణమనే మరో మూలికల జట్టులో చేర్చాడు. పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన భావప్రకాశ నిఘంటువు దీనికి చలువ గుణం చెప్పి, రక్తదోషాలకు, విషాలకు, పుళ్లకు, చర్మం ఎర్రబారి పాకే విసర్పానికి, మంటకు, విరేచనాలకు వాడమంది. చరకుడు గొంతు అన్నాడు, భావమిశ్రుడు చర్మం, రక్తం అన్నాడు. ఇద్దరూ ఒకే మొక్కను దృష్టిలో పెట్టుకుని రాశారా అన్న అనుమానం నన్ను వదలదు. ఆయుర్వేద గ్రంథాలు ఆకు బొమ్మ వేయవు, పర్యాయపదాలతో సరిపెడతాయి. త్రిపాదిక, కీటమాత అన్న పర్యాయపదాలను ఈ ఫెర్న్‌తో ముడిపెట్టింది తర్వాతివాళ్ల ఊహే.

పడమటి కథ ఇంతకంటే స్పష్టంగా ఉంటుంది. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డియస్కొరిడీస్ అడియాంటమ్‌ను ఆయాసానికి, ఊపిరి ఆడకపోవడానికి, కామెర్లకు, రాళ్లకు, జుట్టు రాలడానికి రాశాడు. ఆయన పుస్తకం తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అరబ్బీలోకి వచ్చింది. స్తెఫానోస్ చేసిన అనువాదాన్ని హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ సరిచూశాడు. అక్కడి నుంచి యునానీ వైద్యంగా మారి ఢిల్లీకి, హైదరాబాద్‌కు చేరింది. ఈ రోజుకూ కఫం జారడానికి, నెలసరి రావడానికి, మూత్రం సాఫీగా పోవడానికి పర్సియావషాన్ రాసే హకీములు ఉన్నారు. అదే గ్రీకు పుస్తకం లాటిన్‌లోంచి ఫ్రాన్స్ చేరి, ఈ ఫెర్న్‌ను చక్కెర పాకంలో కాచిన ‘సిరో ద కాపిలేర్’ అనే దగ్గు పానకమైంది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్ చేరేసరికి అందులో ఫెర్న్ తగ్గిపోయి నారింజపూల వాసన మిగిలింది. మందు వేషం విప్పి షర్బత్ అయింది.

సమీక్షలు రాసేవాళ్లు ఇక్కడే తొందరపడతారు. ఆయుర్వేదంలో గొంతుకు, యునానీలో దగ్గుకు, ఫ్రాన్సులో దగ్గుకు, గిరిజనుల్లో దగ్గుకు: నాలుగు సంప్రదాయాలు ఒకే మాట అంటున్నాయి కాబట్టి నిజమై ఉండాలి అంటారు. వినడానికి బాగుంది. కాని యునానీ, ఫ్రాన్సు రెండూ డియస్కొరిడీస్ సంతానమే. ఒకే సాక్షి రెండు కోర్టుల్లో చెప్పిన వాంగ్మూలాన్ని రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టలేం. చరకుడి మాట విడిగా నిలిచేదే, కాని ఆయన చెప్పిన మొక్క ఇదేనని తేలాలి. నా లెక్కలో నాలుగు సాక్ష్యాలు కావివి, ఒకటిన్నర. మిగిలింది అడవి.

డాంగ్‌లో, వాంస్‌దాలో, వ్యారా, సోన్‌గఢ్ వైపు భీల్, కుక్ణా, వార్లీ, గామిత్, చౌధరీ, కోట్‌వాలియా జనం ఉంటారు. మనం నాటువైద్యుడు అనేవాణ్ని వాళ్లు భగత్ అంటారు. ఆకుపసరు ఇచ్చేదీ ఆయనే, గాలి సోకితే దించేదీ ఆయనే. హోళీకి ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బార్ సంతలో మూలికలు పరుచుకుని కూర్చునేవాళ్లలో వీళ్లూ ఉంటారు. పందొమ్మిదో శతాబ్దం చివర బొంబాయిలో పనిచేసిన విలియం డైమాక్ కాలపు మందుల గ్రంథాలు గుజరాత్‌లో హంసరాజ్ వాడకాన్ని నమోదు చేశాయి: పచ్చి ఆకును నీళ్లతో నూరి, చక్కెర కలిపి, జ్వరం వచ్చిన పిల్లలకు పట్టేవారు. విసర్పానికి పైపూతగా వేసేవారు. ఈ నమోదులో నాకు నచ్చింది ఏమిటంటే ఏ భాగం, ఎలా తయారుచేస్తారు, ఎవరికి ఇస్తారు అన్న మూడూ ఉన్నాయి. ఇప్పటి సర్వేల్లో తరచూ కనిపించనివి ఆ మూడే.

గుజరాత్‌లోనే ఇంకా మంచి నమూనా ఉంది. కచ్ నుంచి వచ్చిన జయకృష్ణ ఇంద్రజీ ఠాకర్ పోర్‌బందర్ దగ్గరి బర్డా కొండల మొక్కల మీద 1910లో గుజరాతీలో ‘వనస్పతి శాస్త్ర’ అచ్చువేశారు. పెద్ద చదువు లేని మనిషి. కొండల్లో తిరిగి, ఒక్కో మొక్కను చేత్తో పట్టుకుని, స్థానికుల పేరు, వాళ్ల వాడకం, ఆకు కొలతలు అన్నీ రాసుకున్నారు. బర్డా పొడినేల, డాంగ్ తడినేల కాబట్టి ఆ పుస్తకం ఇక్కడి ఫెర్న్‌ల లోటు తీర్చదు. అయినా ఆయన పద్ధతి డాంగ్‌కు అందివుంటే ఈ వ్యాసంలో సగం పేజీలు అవసరం ఉండేవి కావు.

ఆ తర్వాత వచ్చిన జానపద వృక్షశాస్త్ర పత్రాలు చాలావరకు జాబితాలు. శాస్త్రీయ నామం, స్థానిక పేరు, ‘దగ్గు, ఆస్తమా, జ్వరం, మధుమేహం’ అని ఒక వరస. ఎంతమంది భగత్‌లు చెప్పారు, విడివిడిగా అడిగారా, ఒకచోట కూర్చోబెట్టి అడిగారా, మొక్క నమూనా ఏ హెర్బేరియంలో ఉంది అన్నవి ఉండవు. మధుమేహం అన్న మాట భగత్ నోటినుంచి వచ్చిందా, అడిగినవాడి ప్రశ్నలోంచి వచ్చిందా? రక్తంలో చక్కెర కొలిచే పరికరం రాని ఊళ్లో ఆ రోగాన్ని ఖాయంగా నిర్ధారించడం కష్టం. ఒక పత్రంలోని వరసను ఇంకో పత్రం ఎత్తిరాస్తుంది, దాన్ని సమీక్ష లెక్కపెడుతుంది, చివరికి ‘ఇరవై రోగాలకు దివ్యౌషధం’ అన్న వాక్యం పుడుతుంది.

ప్రయోగశాలలు ఏం చెప్పాయి? అడియాంటమ్ జాతుల్లో క్వెర్సెటిన్, కెంఫెరాల్ వంటి ఫ్లేవనాయిడ్లు, ఫెర్న్‌లలో తరచూ కనిపించే హోపేన్ తరహా ట్రైటెర్పీన్లు ఉన్నాయి. ఆకు సారం గాజుపళ్లెంలో కొన్ని బ్యాక్టీరియాను అడ్డుకుంది. ఎలుకల్లో వాపు తగ్గించింది, చక్కెర తగ్గించింది. వినడానికి ఆశ పుట్టించే ఫలితాలే. కాని ఫ్లేవనాయిడ్లు ఉల్లిపాయలోనూ ఉన్నాయి. మెథనాల్‌లో నానబెట్టి తీసిన సారాన్ని మనిషి తాగగలిగిన దానికంటే ఎన్నో రెట్ల మోతాదులో ఎలుకకు ఇచ్చి వచ్చిన ఫలితానికీ, చెంచాడు పసరులో చక్కెర వేసి పిల్లవాడికి పట్టడానికీ మధ్య దూరం చాలా ఉంది. పైగా పరీక్షించిన వాటిలో ఎక్కువ భాగం కాపిల్లస్-వెనెరిస్ మీద. డాంగ్ జాతి మీద పని తక్కువ. మనుషుల్లో, సరైన పోలికతో, దగ్గు మీద చేసిన పరీక్ష దీనికి కావాలి. సూరత్ దుకాణదారు ఏ ధైర్యంతో అమ్ముతున్నాడో దానికి అదే జవాబు చెప్పగలదు.

జుట్టు సంగతి త్వరగా తేల్చేయవచ్చు. కాడలు నల్లగా, సన్నగా, వెంట్రుకల్లా ఉంటాయి కాబట్టి జుట్టు పెంచుతుందన్న నమ్మకం గ్రీసు నుంచి నేటి నూనె సీసాల దాకా వచ్చింది. రూపం చూసి గుణం ఊహించే పాత అలవాటు ఇది. ఇలాంటిదే మయూరశిఖ: కోట గోడల సందుల్లో, రాళ్ల పగుళ్లలో నెమలిపురిలా విచ్చుకునే ఆక్టినియోప్టెరిస్ రేడియాటా. ఎండకు ముడుచుకుపోయి, వాన చినుకు తగలగానే తిరిగి విప్పుకుంటుంది. చచ్చి బతికినట్టుండే మొక్క కాబట్టి సంతానం లేనివాళ్లకు ఇస్తారు. మొక్క గొప్పదే, నీళ్లు లేకుండా బతికే దాని శక్తి శాస్త్రానికి విలువైనదే. అది గర్భసంచికి వర్తిస్తుందనడానికి ఆధారం లేదు.

ఫెర్న్ కాబట్టి, అడవి ఆకు కాబట్టి హాని చేయదన్న ధీమా మాత్రం తీసిపారేయాలి. మందుగా నిజంగా పనిచేసిందని రుజువైన ఫెర్న్ చరిత్రలో ఒకటుంది, మగఫెర్న్ అని యూరప్‌లో పిలిచే డ్రయాప్టెరిస్ ఫిలిక్స్-మాస్. దాని దుంప సారం బద్దెపురుగును బయటికి పంపుతుంది. స్విట్జర్లండ్‌లో ఒక వైద్యుడి వితంతువు మదాం నుఫేర్ దాచుకున్న ఆ రహస్యాన్ని 1775లో పదహారో లూయీ రాజు డబ్బిచ్చి కొనిపించాడు. ఫార్మకోపియాలకెక్కింది, దాదాపు రెండు వందల ఏళ్లు నడిచింది. మోతాదు కొంచెం తప్పితే కంటిచూపు పోయేది, ప్రాణాలూ పోయేవి. 1960లలో నిక్లోసమైడ్ వచ్చాక దాన్ని అందరూ వదిలేశారు. హాని చేసే ఇంకో ఫెర్న్ బ్రాకెన్. అది మేసిన పశువులకు మూత్రంలో రక్తం పడుతుంది, మూత్రాశయంలో కణుతులు వస్తాయి. కారణమైన టాక్విలోసైడ్‌ను 1983లో వేరుచేశారు. 1987లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బ్రాకెన్‌ను మనిషికి క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న వాటి జాబితాలో పెట్టింది. అదే విషం ఆస్ట్రేలియాలోని ఒక కీలాంథస్ జాతిలోనూ ఉంది. కీలాంథస్‌కు దగ్గరి ఫెర్న్‌లు మన కొండల్లోనూ పెరుగుతాయి, ‘జానపద ఔషధాల’ జాబితాల్లోకి ఎక్కుతాయి. హంసరాజ్‌లో ఈ విషం ఉందని నేననడం లేదు. పచ్చి ఫెర్న్ ఏరేవాడు పొరబడితే ఏమవుతుందో చెబుతున్నాను. నెలసరి రప్పించే మందుగా యునానీ వాడింది కాబట్టి గర్భిణులు అసలు ముట్టకూడదు. ఈ హెచ్చరికకు పరీక్షలు పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు.

నిరుత్సాహపడాల్సిన పని లేదు. వేరేచోట్ల ఫెర్న్‌లు మనుషుల పరీక్ష దాకా వచ్చాయి. మధ్య అమెరికా గిరిజనులు చర్మరోగాలకు వాడే కలగ్వాలా ఫెర్న్ సారాన్ని నోటిద్వారా ఇచ్చి, ఎండ దెబ్బకు చర్మం ఎలా తట్టుకుంటుందో 2004లో తొమ్మిది మంది మీద చూశారు. చిన్న పరీక్షే, ఆ తర్వాత ఇంకొన్ని జరిగాయి. విరిగిన ఎముకలకు చైనాలో వాడే డ్రైనేరియా ఫెర్న్ దుంప నుంచి తీసిన ఫ్లేవనాయిడ్లు అక్కడ ఎముకల గుల్లదనానికి మందయ్యాయి.  జంతు పరీక్షల్లోనైతే, తిరువనంతపురం రాజీవ్ గాంధీ బయోటెక్నాలజీ కేంద్రం 2006లో లైగోడియం ఫ్లెక్సువోసమ్ అనే తీగఫెర్న్ ఎలుకల కాలేయాన్ని కాపాడుతుందని చూపింది. వీటన్నిటిలో ముందు మొక్క ఖాయం చేసుకున్నారు, తర్వాత ఒకే ప్రశ్న పట్టుకున్నారు. హంసరాజ్ విషయంలో జరగనిది అదే: ఇరవై గుణాలూ ఒకేసారి నిరూపించాలని బయల్దేరారు.

నన్నడిగితే మొదట పరీక్షించాల్సింది గొంతు, దగ్గు. పాత ఆధారం ఎంత బలహీనమైనా ఎక్కువగా అటే చూపుతోంది. కాని ఎదురుగా పెట్టాల్సింది నీళ్లు కాదు, ఉత్త చక్కెర పాకం. ఎందుకంటే పాకమే గొంతుకు హాయినిస్తుంది. 2007లో అమెరికాలో పిల్లల రాత్రిదగ్గు మీద చేసిన పరీక్షలో తేనె మామూలు దగ్గుమందుకు తీసిపోలేదు. (ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదన్నది వేరే సంగతి.) కాపిలేర్ పానకం రెండొందల ఏళ్లు బతకడానికి అందులోని ఫెర్న్ కారణమా, చక్కెరా? గుజరాత్ తల్లులు ఆకుపసరులో కలిపిన చక్కెర మీదా ఇదే ప్రశ్న. కల్తీ దగ్గుమందులకు గాంబియాలో 2022లో డెబ్బై మంది దాకా, 2025లో మధ్యప్రదేశ్‌లో మళ్లీ పిల్లలు చనిపోయాక ఇంటి మందు వైపు చూసేవాళ్లు పెరగడంలో ఆశ్చర్యం లేదు. అందుకే ఈ పరీక్ష అవసరం ఇప్పుడు ఎక్కువైంది.

మగ్గాల మధ్య బతికేవాళ్లకు ఇంకో మాట. రెండు వారాలు దాటిన దగ్గుకు హంసరాజ్ కషాయం తాగుతూ కూర్చోకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష ఉచితం, మందులూ ఉచితమే. ఇరుకు గదుల్లో పదిమంది కలిసి ఉండే చోట ఒకరి ఆలస్యం అందరికీ అంటుకుంటుంది.

చట్టం సగమే తోడు వస్తుంది. 1954 నాటి ఔషధ, మాయా చికిత్సల ప్రకటనల చట్టం మధుమేహం నయం చేస్తామన్న ప్రకటనలను నిషేధించింది, కాని సీసా చీటీ మీద ఏ జాతి ఫెర్న్ ఉందో వెతికిపట్టుకునే పని దానిది కాదు. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పుస్తకాల్లోని మందులను విదేశీ పేటెంట్ల నుంచి కాపాడుతుంది. భగత్ నోట ఉన్నది పుస్తకంలో లేదు. 2002 జీవవైవిధ్య చట్టం లాభంలో వాటా అంటుంది. 2023 సవరణ గ్రంథస్థమైన జ్ఞానానికి ఆ బాధ్యత తీసేసింది. హంసరాజ్ చరకంలో ఉంది కదా అని ఒక కంపెనీ వాదిస్తే, అదే మొక్కను చేత్తో చూపించగల డాంగ్ మనిషికి దక్కేది ఏమీ ఉండదు.

వఘయిలో గిరా జలపాతానికి దగ్గర్లోనే అటవీశాఖ వృక్షోద్యానం ఉంది. డాంగ్ ఫెర్న్‌లను జాతుల వారీగా పెంచి, నమూనాలు భద్రపరిచి, సూరత్ దుకాణాల సరుకును వాటితో పోల్చి చూడటానికి అంతకంటే దగ్గరి చోటు లేదు. ఈ మొక్కను వేరుతో పీకితే మళ్లీ మొలవదు. ఆకు అంచుల కింద సిద్ధబీజాలు ముదిరి గోధుమరంగుకు తిరిగాక, భాద్రపదం, ఆశ్వయుజం నాటికి, కాడలు కోసి దుంపను నేలలో వదిలితే వచ్చే ఏడూ అదే గట్టున దొరుకుతుంది. జాతి పేరు, ఏరిన తాలూకా, ఏరిన నెల రాసిన చీటీ ఉన్న కట్టకు గాంధీ దుకాణంలో రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చే కొనుగోలుదారు ఉంటేనే ఏరేవాడు ఆ ఓపిక పడతాడు. ప్రస్తుతం హిమాలయపు ఆకూ డాంగ్ ఆకూ ఒకే పేరుతో పోతున్నాయి.